టీవీ పాతదే.. ప్రశ్న మాత్రం పాతబడలేదు!

అమీర్‌పేటలో ఎంబెడెడ్ సిస్టమ్సో, వీడియో ఎడిటింగో నేర్చుకుంటున్నారా? క్లాసు అయ్యాక పంజాగుట్ట దాకా ఓసారి నడవండి. దారి పొడవునా షాపుల మీద సీసీ కెమెరాలే. వాటి డీవీఆర్ సెట్టింగుల్లో వీడియో స్టాండర్డ్ దగ్గర సాధారణంగా రెండు ఆప్షన్లుంటాయి: పాల్, ఎన్‌టీఎస్‌సీ. మన దగ్గర ఏది పెట్టాలి? ‘పాల్’ అని చాలామంది చెప్పేస్తారు. ఎందుకని అడిగితేనే తడబడతారు.

మన కరెంటు 50 హెర్ట్జ్. దానికి తగ్గట్టే పాల్‌లో సెకనుకు 25 ఫ్రేములు, ఫ్రేముకు 625 లైన్లు. అమెరికాలో 60 హెర్ట్జ్ కాబట్టి ఎన్‌టీఎస్‌సీకి దాదాపు 30 ఫ్రేములు, 525 లైన్లు. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు మన దేశం ఎంచుకున్నది పాల్‌నే.

అప్పట్లో అమెరికా నుంచి బంధువులు పంపిన పెళ్లి క్యాసెట్ ఇక్కడి వీసీఆర్‌లో చక్కగా పట్టేది. కానీ బొమ్మ సరిగా వచ్చేది కాదు. ఎన్‌టీఎస్‌సీ సిగ్నల్‌ని పాల్ టీవీకి ఇస్తే బొమ్మ పైకీ కిందికీ దొర్లేది, లేదా రంగులు పోయి బ్లాక్ అండ్ వైట్‌గా కనిపించేది. ఎందుకంటే రంగును మోసే సిగ్నల్ పాల్‌లో 4.43 మెగాహెర్ట్జ్, ఎన్‌టీఎస్‌సీలో 3.58. అందుకే మల్టీ సిస్టమ్ వీసీఆర్‌లకు గిరాకీ ఉండేది.

ఇంకో ప్రశ్న. 30 కాకుండా 29.97 ఎందుకు? 1953లో అమెరికా కలర్ ప్రసారాలకు ప్రమాణం ఖరారు చేసినప్పుడు, జనం ఇళ్లలో అప్పటికే ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీలూ పనిచేయాలి. రంగు సిగ్నల్, ధ్వని సిగ్నల్ కలిసి తెరపై మచ్చలు కనిపించకుండా ఫ్రేముల వేగాన్ని వెయ్యింట ఒక వంతు తగ్గించారు. ఇంజినీరింగ్‌లో ‘బ్యాక్‌వర్డ్ కంపాటబిలిటీ’ అంటే ఇదే.

అనలాగ్ ప్రసారాలు దాదాపు పోయాయి, ఈ అంకెలు పోలేదు. 29.97 వీడియోను 30గా లెక్కేస్తే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది, మాటకీ పెదవికీ పొంతన ఉండదు. మన ట్యూబ్‌లైట్ల కింద 30 ఫ్రేములతో షూట్ చేస్తే చారలు కనిపించొచ్చు. షటర్‌ను సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో మార్చాలి.

సాఫ్ట్‌వేర్ టూల్ మీ బ్యాచ్‌లో అందరికీ వచ్చు. సర్టిఫికెట్ కూడా అందరి దగ్గరా ఉంటుంది. సెట్టింగ్ వెనకున్న కారణం చెప్పగలిగినవాళ్లనే ఇంటర్వ్యూలో గుర్తుపెట్టుకుంటారు. ఈ వారం మీ కోర్సులోంచి ఒక్క డీఫాల్ట్ విలువ తీసుకోండి, అది అలాగే ఎందుకుందో తవ్వండి.