మోటారు సైకిలు ఫెయిరింగ్: ఇంటర్నెట్‌లో కొనేముందు

కంకర తేలిన మలుపులో బండి ఒక్కసారి పక్కకు ఒరిగి జారిందంటే, యమహా ఆర్15, పల్సర్ ఆర్ఎస్200, కేటీఎం ఆర్‌సీ వంటి మోటారు సైకిళ్లలో మొట్టమొదట దెబ్బతినేది వాటి పైతొడుగు. దానినే ఫెయిరింగ్ అంటారు. మెకానిక్కుల నోట అది డూమ్, సైడ్ ప్యానెల్, టెయిల్ అని ముక్కముక్కకూ ఒక పేరుతో వినిపిస్తుంది. ఇంజిన్‌కు ఏమీ కాదు, నడిపినవాడు మోచేయి గీరుకుని లేస్తాడు, కాని తొడుగు మాత్రం బోల్టు బిగించే లాకుల వద్ద విరిగి వేలాడుతుంది. డీలరు వద్ద దాని వెల విన్న తరువాత ఇంట్లోని కుర్రవాడు సెల్‌ఫోన్ తీసి వెదకడం మొదలుపెడతాడు. అక్కడ అటువంటిదే, రంగుతో స్టిక్కర్లతో సహా, ఎంతో తక్కువకు కనబడుతుంది. కొనవచ్చునా అంటే కొనవచ్చును. అయితే డబ్బు పంపకముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అవి అమ్మకందారు ప్రకటనలో సాధారణంగా ఉండవు.

ఫెయిరింగ్ పుట్టింది అలంకారం కోసం కాదు. గాలిని చీల్చుకుని పోవడానికి పందెపు బండ్లకు అమర్చిన కవచం అది. 1950వ దశకంలో ముందు చక్రాన్ని సైతం కప్పివేసే పెద్ద తొడుగులు వచ్చాయి. పక్కగాలికి బండి అదుపు తప్పే ప్రమాదం ఉన్నందున అంతర్జాతీయ మోటారు సైకిలు సమాఖ్య 1958 పందేల నుంచి వాటిని నిషేధించింది. మన దేశంలో 2003లో వచ్చిన కరిజ్మా సగం తొడుగును, 2008లో వచ్చిన ఆర్15 నిండు తొడుగును పల్లెల దాకా తెచ్చాయి. గాలి ఎదురొత్తిడి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వద్ద ఉన్న ఒత్తిడి 80 వద్ద నాలుగింతలవుతుంది. ఈ లెక్కను తిరగేసి చూస్తే, గుంతల దారిలో 40తో పోయే బండికి తొడుగు చేసే మేలు స్వల్పమని తేలుతుంది. మామూలు బండికి కిట్ తగిలించి స్పోర్ట్స్ బండిగా చూసుకోవాలనుకునేవారు ముందుగా ఈ మాట ఆలోచించడం మంచిది.

విరిగినదాని స్థానంలో అటువంటిదే, అదే రంగులో బిగించడం మరమ్మతు. బండి రూపాన్నే మార్చడం వేరు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని గట్టిగానే చెప్పింది. అదే సంవత్సరపు సవరణతో వచ్చిన 182ఏ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానాను గాని, ఆరు నెలల వరకు జైలును గాని, రెండింటినీ గాని విధించవచ్చునంటోంది. బండి రంగు కూడా ఆర్సీలో నమోదై ఉంటుంది. నల్లబండికి నీలి తొడుగులు వేయించినవారు ఆ మార్పును రవాణా కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. కర్ణాటక నంబరు బండి మీద రోజూ ఆంధ్ర వైపు పొలానికో బడికో పోయివచ్చే ఇళ్లలో, రెండు రాష్ట్రాల తనిఖీలకూ చూపవలసినది ఆ ఒక్క ఆర్సీయే.

కొత్తది కొనేముందు బీమా పత్రాన్ని తీసి చూడవలసి ఉన్నా, చాలామంది ఆ పని చేయరు. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే సొంత బండి నష్టానికి ఏమీ రాదు. సమగ్ర బీమా ఉన్నప్పుడు ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం, ఫైబర్‌గ్లాస్ భాగాలకు 30 శాతం తరుగుదల కింద కోసి మిగిలినది ఇస్తారు. ద్విచక్ర వాహనానికి తప్పనిసరి మినహాయింపు 100 రూపాయలు. ఉదాహరణకు డీలరు 6,000 రూపాయలు చెప్పిన ప్లాస్టిక్ తొడుగుకు యజమాని భరించవలసినది సుమారు 3,100. తరుగుదల లేని అదనపు రక్షణ తీసుకుని ఉంటే ఇంకా తక్కువ. క్లెయిము చేసినందువల్ల మరుసటి ఏడాది ప్రీమియంలో పోయే రాయితీని కూడా కలిపి చూసుకోవాలి. ఆ మొత్తంతో ఇంటర్నెట్ ధరను పోల్చితే, చౌక అనుకున్నది అంత చౌక కాకపోవచ్చు.

ఇక తొడుగు దేనితో చేశారన్నది. ఇక్కడ మాట దగ్గరే తికమక ఉంది. మన ప్రాంతంలో బండికి తగిలించిన ప్రతి ప్లాస్టిక్ ముక్కనూ "ఫైబర్" అనడం అలవాటు. నిజమైన ఫైబర్ అంటే గాజునార గుడ్డను రెసిన్‌తో తడిపి అచ్చు మీద పరచి ఆరబెట్టినది. కంపెనీ తొడుగులు ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతాయి. కరిగించిన ఏబీఎస్‌ను ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి ఎక్కించి పోస్తారు కనుక లాకులు, రంధ్రాలు అనుకున్న చోటనే వస్తాయి. (బ్రేకులకు సంబంధించిన ఏబీఎస్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ప్రకటనలో ఆ మూడక్షరాలు చూసి బ్రేకు మెరుగవుతుందని అనుకోరాదు.) గాజునార తొడుగు తేలికగా ఉంటుంది, పందేలకు బాగా పనికివస్తుంది. కాని చేతితో చేసినది కావడం వల్ల రంధ్రాలు తామే వేసుకోవలసి రావచ్చు, అంచులు అరగదీయవలసి రావచ్చు. వంగవలసిన చోట వంగక పగులుతుంది.

తెలుసుకునే ఉపాయం కష్టమైనది కాదు. తొడుగును తిరగేసి లోపలి వైపు చూస్తే కంపెనీ ముక్కల మీద కోణపు గుర్తుల నడుమ ఏబీఎస్ అని గాని పీపీ అని గాని ఇంగ్లీషు అక్షరాలు పోతపోసి ఉంటాయి. గాజునార ముక్కకు లోపలి ముఖం గరుకుగా, గుడ్డ నేత కనబడేటట్లు ఉంటుంది. కనుక అమ్మకందారును అడగవలసిన మొదటి ఫొటో ముందువైపుది కాదు, వెనుకవైపుది. ఈ అక్షరాలు మరమ్మతుకూ పనికివస్తాయి. ఏబీఎస్ అసిటోన్‌లో కరుగుతుంది. పాత తునకలను అందులో కరిగించి ముద్ద చేసి విరిగిన లాకును అతికించవచ్చు. అసిటోన్ ఇట్టే అంటుకునే ద్రవం కనుక ఆ పని పొయ్యి దగ్గర చేయరాదు. పీపీ, అనగా పాలీప్రొపిలీన్, అసిటోన్‌కు లొంగదు, రంగు కూడా దాని మీద సులభంగా నిలవదు. ఒక్క లాకు మాత్రమే విరిగినవారికి కొత్త తొడుగు అవసరమే ఉండకపోవచ్చు. రంగు వేయని ఏబీఎస్ కొనేవారు వెంటనే రంగు వేయించాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది పసుపెక్కి పెళుసు బారుతుంది. బళ్లారి, రాయచూరు ఎండల సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది మోడలు పొరపాటు వల్లనే. ఆర్15 అన్న పేరు ఒక్కటే అయినా 2008లో మొదటిది, 2011లో రెండవది, 2018లో మూడవది, 2021లో నాలుగవది వచ్చాయి. ఒకదాని తొడుగు మరొకదానికి కూర్చోదు. ఆర్15 ఎస్ అన్న పేరునైతే కంపెనీ రెండు వేర్వేరు తరాల బండ్లకు పెట్టింది. "అన్ని ఆర్15లకూ సరిపోతుంది" అన్న ప్రకటనను నమ్మనవసరం లేదు. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. వాటిని పట్టుకుని, వీలైతే డీలరు వద్ద ఛాసిస్ నంబరు మీద విడిభాగం నంబరు కనుక్కుని, అమ్మకందారుకు ఆ నంబరు పంపి రాతపూర్వకంగా అవుననిపించుకోవాలి. ఎడమ, కుడి అన్న మాటలు బండి మీద కూర్చున్నవాని ఎడమ, కుడిలుగా గ్రహించాలి. ఎదురుగా నిలబడి చూచి ఆర్డరు చేస్తే అవతలి పక్కది వస్తుంది.

అమ్మకందారు ఎవరన్నది బిల్లు చెబుతుంది. జీఎస్టీ సంఖ్యలో 15 అక్షరాలుంటాయి, మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని సూచిస్తాయి: కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, ఒడిశాకు 21, మహారాష్ట్రకు 27, యానాం ఉన్న పుదుచ్చేరికి 34, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, ఢిల్లీకి 07. బెంగళూరు దుకాణమని చెప్పుకునేవాని సంఖ్య 07తో మొదలైతే ప్రశ్నించవలసిందే. జీఎస్టీ వెబ్‌సైటులో ఆ సంఖ్యను వెదికితే పేరు కూడా కనబడుతుంది. బిల్లు ఇవ్వననేవాడు, వాట్సాప్‌లో బొమ్మ చూపి ముందుగా "బుకింగ్", ఆ తరువాత "కొరియర్", ఆ పైన "ఇన్సూరెన్స్" అంటూ విడతలుగా యూపీఐ అడిగేవాడు తొడుగు అమ్మడానికి వచ్చినవాడు కాడని భావించాలి. డబ్బు తిరిగి ఇస్తామంటూ పిన్ కొట్టమనేది కూడా మోసమే. సొమ్ము స్వీకరించడానికి పిన్ అవసరం లేదు. మోసపోయినట్లు తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును బ్యాంకులో నిలిపే అవకాశం అంత ఎక్కువ.

పార్సెలు వచ్చినప్పుడు పెట్టె ఆరు ముఖాలూ, చిరునామా చీటీ కనబడేటట్లు మొదలుపెట్టి, ఆపకుండా వీడియో తీస్తూ విప్పాలి. రంగు వేయించడానికి ముందే బండి మీద పెట్టి చూడాలి. రంగు వేసినదాన్ని, రంధ్రం పొడిచినదాన్ని వెనక్కి తీసుకొమ్మనడం కష్టం. పాత తొడుగుకు ఉన్న రబ్బరు బుష్‌లు, క్లిప్పులు, సైలెన్సరు వైపున వేడికి అడ్డుగా అతికించిన రేకు కొత్తదానితో రాకపోవచ్చు. వాటిని పారవేయకుండా దాచి మార్చుకోవాలి. బోల్టులన్నీ మొదట వదులుగా ఎక్కించి, అన్నీ కూర్చున్నాక ఒక్కొక్కటిగా బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగిస్తే అవతలి మూల లాకు పగులుతుంది.

బిగించిన తరువాత హ్యాండిలును ఈ కొస నుంచి ఆ కొస వరకు తిప్పి చూడాలి. బొటనవేలు తొడుగుకు తగిలినా, తీగ లాగినట్లున్నా ఆ బండిని రోడ్డెక్కించరాదు. ఇంజిన్‌ను న్యూట్రల్‌లో నడవనిచ్చి అదే పని మళ్లీ చేయాలి. హ్యాండిలు తిప్పినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగిందంటే యాక్సిలరేటరు తీగ చిక్కుకుందని అర్థం. ముందు సస్పెన్షన్‌ను గట్టిగా అదిమి, చక్రం కింది తొడుగుకు రాసుకోవడం లేదని నిర్ధారించుకోవాలి. డబ్బు నష్టాన్ని ఎలాగో పూడ్చుకోవచ్చు. మలుపులో తిరగని హ్యాండిలు సంగతి అటువంటిది కాదు.

వస్తువు లోపభూయిష్ఠమైనా, ప్రకటనలో చెప్పినట్లు లేకపోయినా తిరిగి తీసుకోవడానికి గాని సొమ్ము ఇవ్వడానికి గాని అమ్మకందారు నిరాకరించరాదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. "వాపసు లేదు" అని రాసుకున్నంత మాత్రాన ఆ బాధ్యత పోదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. దానికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన వెల 5 లక్షల రూపాయల లోపైతే అక్కడ రుసుము లేదు. సరిహద్దు ఊళ్లలో పిన్‌కోడుకు డెలివరీ లేదని అవతలి రాష్ట్రంలోని బంధువుల చిరునామాకు తెప్పించుకోవడం పరిపాటి. పావగడ వాసి మడకశిరలోని మేనమామ ఇంటికి తెప్పించుకున్నా, అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా, 2019 నాటి చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే, అనగా తుమకూరులోనే, దావా వేయవచ్చు. అందుకు బిల్లు మీద మేనమామ పేరు గాక కొన్నవాని పేరు ఉండేటట్లు ఆర్డరు చేసేనాడే చూసుకోవాలి.