చిన్న డీజిలు బండి చరిత్రము

చిత్తూరు సీమ రైతునకు పంట పండించుట యొక యెత్తు, దానిని మండీకి చేర్చుట యొక యెత్తు. మదనపల్లె చుట్టుపట్ల టమోటా వేసిన చిన్నరైతు తోటనంతటిని ఒక్కనాడు కోయడు. నాలుగైదు దినముల కొక కోత చొప్పున, తోట వట్టిపోవువరకు కోయుచునే యుండును. ఒక్కొక్క కోతలో వచ్చిన కాయ ఎడ్లబండికి మించును, లారీకి చాలదు. వేలము వేళకు మార్కెట్ యార్డు చేరనిచో ఒక దినము గడచి, కాయ మెత్తబడి, పెట్టుబడి సైతము చేతికి రాదు. తోతాపురి మామిడిని దామలచెరువు, బంగారుపాళెం మండీలకు గాని గుజ్జు ఫ్యాక్టరీలకు గాని తోలువానికిని, చెరకాడించి వండిన బెల్లమును చిత్తూరునకు దెచ్చువానికిని, తిరుపతి పూల అంగళ్లకు తెల్లవారకమునుపే గంపలు దింపవలసినవానికిని ఇదియే చిక్కు. పదిమంది గలిసి ఒక లారీని మాటాడుకొనుటయు, అది నిండువరకు తొలివాని కాయ యెండలో పడియుండుటయు మొన్నమొన్నటి వరకు మామూలే. ముప్పావు టన్ను బరువును, ఇరుకుదారిని, కనుమ యెక్కుడును, ఒంటిరైతు తూగగల వెలను ఏకకాలమున మనసున నుంచుకొని నిర్మించిన నాలుగుచక్రముల డీజిలు బండి మనకు 2005వ సంవత్సరమునగాని లభింపలేదు. అందలి ఇంజనుకు మాత్రము నూరేండ్లకు పైబడిన చరిత్ర గలదు. ఆ చరిత్రలో మన రాయలసీమ మెట్టచేల పంటకును ఒక స్థానము గలదు.

రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిసు నగరమున జర్మను దంపతులకు జన్మించెను. అతని కాలమున కర్మాగారములను నడపుచుండిన ఆవిరియంత్రములు, తాము మ్రింగిన బొగ్గులోని శక్తియందు పదవవంతును సైతము పనిగా మార్చలేకపోవుట ఆ యువకునకు దుస్సహముగా తోచెను. 1892లో పేటెంటు కోరి, ఆగ్స్‌బర్గ్ నగరపు యంత్రశాలలో ఏండ్ల తరబడి వైఫల్యములను సహించి, 1897 ఫిబ్రవరి 17న జరిగిన పరీక్షలో ఇంధనశక్తియందు 26.2 శాతమును పనిగా మార్చిన ఇంజనును అతడు లోకమునకు చూపెను. దాని బలము 20 అశ్వశక్తులు మాత్రమే. ఎత్తు మూడు మీటర్లు. మూడేండ్ల పిమ్మట, 1900లో, పారిసున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఓటో కంపెనీవారు నిలిపిన ఒక చిన్న డీజిలు ఇంజను వేరుసెనగ నూనెతో నడచెను. ఆఫ్రికాలోని తమ వలసలలో విరివిగా పండు వేరుసెనగ అచ్చటి యంత్రములను అచ్చటనే నడపగలదా యని ఫ్రెంచి ప్రభుత్వము చేయించిన ప్రయోగమది. ఇంజను తడబాటు లేక నడచుటచే, చూపరులలో బహుకొద్దిమందికి గాని ఆ సంగతి తెలియలేదని డీజిల్ తరువాతి కాలమున వ్రాసినాడు. ఆ మహాశయుడు 1913 సెప్టెంబరు 29వ తేది రాత్రి ఇంగ్లండునకు పోవు ఓడపైనుండి అదృశ్యుడై మరణించెను. పీలేరు, పలమనేరు మెట్టపొలములలో వానను నమ్ముకొని వేరుసెనగ వేయు మన రైతు, తన గింజలోని నూనెతో పారిసున తిరిగిన ఆ చక్రమును గూర్చి తెలిసికొనుట ఉచితమని నా యభిప్రాయము.

ఈ ఇంజను రహస్యమంతయు గాలిని నొక్కుటలో నున్నది. సైకిలు చక్రమునకు గాలి గొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట అందరు నెరిగినదే. పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలు ఆవిరియు ముందే కలిసి సిలిండరున ప్రవేశించి, తొమ్మిది పదింతలు నొక్కబడిన పిమ్మట, స్పార్కు ప్లగ్గు పుట్టించు నిప్పురవ్వచే రగులుకొనును. డీజిలు ఇంజనులో మొదట లోనికి వచ్చునది గాలి మాత్రమే. చిన్న ఇంజనులలో అది ఇరువదింతలకు పైగా నొక్కబడి, సుమారు 600 డిగ్రీల వేడి నందుకొనును. అంతట నాజిలు సన్నని తుంపరగా డీజిలును చిమ్మగా అది తనంత తానే మండి పిస్టనును త్రోయును. అందుచేత స్పార్కు ప్లగ్గు లేదు, కార్బురేటరు లేదు, వానజల్లు తగిలి మొరాయించు జ్వలన విద్యుత్తంతువులు లేవు. డ్రైవరు యాక్సిలరేటరు త్రొక్కినపుడు మారునది చిమ్మబడు డీజిలు పరిమాణమే గాని లోనికి వచ్చు గాలి కాదు. గాలిదారికి మూత లేనందున, బండి నెమ్మదిగా సాగునపుడును పీల్పులో శక్తి నష్టము కాదు. మిక్కిలిగా నొక్కబడిన వాయువు మిక్కిలిగా వ్యాకోచించును గనుక ప్రతి బొట్టునుండియు అధికమైన పని లభించును. మందగతిని తిరుగుచునే గట్టిగా లాగు స్వభావము బరువు మోయువానికి ఎంత యుపకారియో వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను ఇంతటి సద్గుణములు గల ఇంజను బహుకాలము ఓడలకును కర్మాగారములకును మాత్రమే పరిమితమై యుండెను. తొలినాళ్లలో ఇంధనమును సిలిండరులోనికి చిమ్ముటకు అధికపీడనము గల గాలి కావలసెను. ఆ గాలిని సిద్ధపరచు కంప్రెసరు ప్రత్యేకముగా ఉండవలెను. ఇంత సరంజామాను చక్రములపై నుంచుట యసాధ్యము. ప్రాస్పర్ లొరాంజ్ అను శాస్త్రజ్ఞుడు 1909లో, సిలిండరు తలయందు ఒక చిన్న గదిని తొలిచి, దహనము తొలుత అందు జరుగునట్లు ఏర్పరచి కంప్రెసరును తప్పించు ఉపాయమునకు పేటెంటు పొందెను. 1920ల నడుమ జర్మనీలో డీజిలు లారీలు రోడ్డెక్కెను. 1927లో రాబర్ట్ బాష్ సంస్థ చిమ్ముడు పంపును పెద్దయెత్తున తయారు చేయనారంభించుటతో డీజిలు ఇంజను చిన్నదగుటకు గల ప్రధానమైన ఆటంకము తొలగెను. వ్రేలెడంత ప్లంజరు, క్షణములో స్వల్పభాగమున, చిన్న బొట్టంత ఇంధనమును కొలిచి పంపుటలోని నైపుణ్యమునకు నేను ఇంజనులోని తక్కిన భాగములన్నిటికన్న ఎక్కువగా నమస్కరింతును.

చిన్న ట్రక్కునకు డీజిలు గుండెను అమర్చు విద్యయందు జపానువారు ఆరితేరిరి. వారిలో ఇసుజు సంస్థ మనకు ముఖ్యము. ఇసే పుణ్యక్షేత్రము చెంత ప్రవహించు నది పేరును ధరించిన ఆ సంస్థ, 1930లలోనే డీజిలు ఇంజనులు నిర్మించి, 1972లో ఫాస్టర్ అను పికప్పును వెలువరించెను. ఆ బండియే షెవ్రొలే లవ్ అను పేరున అమెరికా చేరెను. 1980ల ఆరంభమున ఇసుజు, ఫోక్స్‌వాగన్, టొయోటా, డాట్సన్ చిన్న డీజిలు పికప్పులు అచ్చట కొంతకాలము అమ్ముడుపోయి, పెట్రోలు చౌక కాగానే కనుమరుగయ్యెను. కోళ్లమాంసపు వ్యాపారములో యూరపుతో వచ్చిన వివాదము వలన 1964లో అమెరికా విధించిన 25 శాతపు సుంకము దిగుమతి ట్రక్కులకు నేటికిని అడ్డుగోడగా నున్నది. ఆ దేశమున నేడు పికప్పనగా బ్రహ్మాండమైన బండి. పాత చిన్న డీజిలు పికప్పులను వెదకి కొని భద్రపరచుకొనువారు మాత్రము అచ్చట ఇంకను గలరు. మన దేశమున 1980లలో నాలుగు జపాను సంస్థలు తేలికలారీలు చేయవచ్చినవి. అందొకటియైన నిస్సానుతో గూడి హైదరాబాదు ఆల్విన్ సంస్థ జహీరాబాదున కర్మాగారమును నెలకొల్పినది. టాటావారు 1986లో 407ను దింపి వారి నెదుర్కొనిరి. ఇవి యన్నియు మంచి బండ్లే, కాని పట్టణవర్తకుని బండ్లు. మూడెకరముల రైతునకు పెద్దవి.

ఈ లోటును గుర్తించి టాటా మోటార్సులో గిరీశ్ వాఘ్ నాయకత్వమున నొక బృందము పని యారంభించి, మూడుచక్రముల బండ్లవారి చెంతకే పోయి వారి కష్టసుఖములను విచారించెను. నాలుగుచక్రముల బండి యున్నచో ఊరిలో గౌరవము పెరిగి, మంచి సంబంధము కుదురునని ఒక డ్రైవరు చెప్పిన మాట వారి నాకర్షించెనని ప్రతీతి. తరువాత వారు చేసిన పని నాకు మిక్కిలి నచ్చినది: క్రొత్త ఇంజనుకై కోట్లు వెచ్చింపక, తమ ఇండికా కారులోని 1405 ఘనసెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనును సగము చేసిరి. రెండు సిలిండర్లు, 702 ఘనసెంటీమీటర్లు, 16 అశ్వశక్తులు. నిచ్చెనవంటి ఛాసిస్, ముందు వెనుకల కమాను పట్టీలు, 12 అంగుళముల చక్రములు, అలంకారమనునది లేదు. 2005 మే నెలలో సుమారు 2.25 లక్షల వెలకు టాటా ఏస్ వెలువడెను. రెండేండ్లు నిండకమునుపే లక్ష బండ్లు అమ్ముడుపోయెను. ఆ కొలత ఎంతగా స్థిరపడినదనగా, 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఇంటింటికి రేషను బియ్యము పంపుటకు 9,260 బండ్లను నడిపింపదలచినపుడు ఎన్నుకొన్నవి ఏస్ తరగతి బండ్లే.

పదియారు అశ్వశక్తులు చాలునా యని సందేహించువారికొరకు చిత్తూరు నుండి పలమనేరునకు పోవు మొగిలి కనుమను లెక్క వేసి చూతము. చిత్తూరు సముద్రమట్టమునకు 300 మీటర్లకు కొంత పైన నున్నది. పలమనేరు ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున నున్నది. ఎక్కుడు 350 మీటర్లనుకొందము. బండియు సరకును గలిసి ఒకటిన్నర టన్ను. ఇంతటి బరువును అంత ఎత్తునకు లేపుటకు కావలసిన పని సుమారు 51 లక్షల జౌళ్లు. పదియారు అశ్వశక్తులనగా 12 కిలోవాట్లు. ఆ శక్తి యంతయు ఎత్తుటకే వినియోగపడినచో ఏడు నిమిషములలో పని ముగియును. గాలి, రోడ్డు రాపిడి, గేర్ల నష్టము కలిపినను చిన్న ఇంజను ఓపికతో రెండవ గేరులో ఎక్కి తీరును. డీజిలు లీటరునందలి శక్తి 360 లక్షల జౌళ్లు. ఇంజను అందు నాలుగవవంతుకు కొంచెము మించి పనిగా మార్చినను, బండితో గూడ ఆ ముప్పావు టన్ను పంటను కనుమపైకి ఎత్తుటకు మాత్రమే పట్టు డీజిలు అర్ధలీటరుకు కొంచెము మించును. క్రేటు 25 కిలోలైనచో ముప్పది క్రేట్ల సరకది. కాయ కుళ్లకమునుపే మండీ కనబడినపుడు, వేగము తక్కువైనదని విచారించు రైతుండడు.

ఈ సీమలో ఏ రోడ్డుమలుపున చూచినను ఒక మెకానిక్ షెడ్డు కానవచ్చును. పాత ఏస్ పంపునకు కంప్యూటరు లేదు. తిరుగుచున్న కామ్ షాఫ్టే దాని బుద్ధి. ఫిల్టరు మూసికొనిపోయినదా, డీజిలులో నీరు చేరినదా, పైపులో గాలి నిలిచినదా, చల్లని ఇంజనును వేడిచేయు గ్లో ప్లగ్గు కాలిపోయినదా అను ప్రశ్నలతో బండి రోగములలో అధికభాగము తేలిపోవును. పానాలు, జాకీ, శ్రద్ధగా వినగల చెవి యున్న కుర్రవాడు గాలి తీసి బండిని మరల నడిపించును. విరిగిన కమాను పట్టీని ఊరి వెల్డరు మార్చును. రైతు తన యెద్దు నెరిగినంతగా తన బండిని ఎరుగుటకు వీలుండుట చిన్నబండి గొప్పతనమందు సగపాలని నా నిశ్చయము. నిరాడంబరతను పేదతనముగా భావించువారు పొరబడుచున్నారు. అనవసరమైనదానిని తొలగించుటకు కావలసిన ఆలోచన అనవసరమైనదానిని చేర్చుటకు అక్కరలేదు.

ఇక మన నేలపైననే పికప్పులు పుట్టుచున్న సంగతి. చెన్నపట్టణమునకు సమీపమున, సత్యవేడు, వరదయ్యపాళెం మండలముల యందు 2008లో రూపొందిన శ్రీసిటీలో ఇసుజు సంస్థ 107 ఎకరములలో కర్మాగారము నిర్మించి, 2016 ఏప్రిల్ 27న ఉత్పత్తి నారంభించెను. తొలినాటి సామర్థ్యము ఏటికి 50,000 బండ్లు. అచ్చట తయారగు డి-మాక్స్ వాణిజ్య పికప్పులో 2499 ఘనసెంటీమీటర్ల డీజిలు ఇంజను సుమారు 78 అశ్వశక్తుల నిచ్చును. మోయు బరువు టన్నునకు పైమాట. దీనిని చిన్నబండి యనజాలము, ఒంటిరైతు దీనిని కొనుట అరుదు. అయినను దిట్టమైన ఛాసిసు, గట్టి కమాను పట్టీలు, పెద్ద తొట్టి అను పాతమర్యాద ఇందును నిలిచియున్నది. శ్రీసిటీ 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. ఒకప్పుడు వేరుసెనగ నూనెతో డీజిలు ఇంజనుకు ఆహారమైన పంటగల సీమ నేడు ఆ ఇంజను బండికి పుట్టినిల్లు కూడ అయినది.

2020 ఏప్రిల్ 1 నుండి పొగ కాలుష్యమును అదుపుచేయు బి.ఎస్. 6 నిబంధనలు అమలులోనికి వచ్చినవి. ఏస్‌లోని ఆ చిన్న ఇంజనే, కంప్యూటరు అదుపున డీజిలును చిమ్ము కామన్ రెయిల్ పద్ధతికి మారి, 20 అశ్వశక్తులకు పెరిగినది. ఈ నిబంధనలను నేను మనఃపూర్వకముగా స్వాగతింతును. పాత డీజిలు పొగలోని మసియు నైట్రోజన్ ఆక్సైడులును తిరుపతి వీధులలో నడచు యాత్రికుల ఊపిరితిత్తులకు మేలు చేయునవి కావు. కాని సెన్సరు చెడినపుడు పానా నిరుపయోగము; లోపమును చదువు యంత్రము పట్టణపు సర్వీసు సెంటరుననే యున్నది; క్రేట్లతో నిండిన బండి మండీ దారిలో నిలిచినచో రైతునకు నష్టమగునది ఆ కోత యంతయును. విద్యుత్తుతో నడచు ఏస్ 2022లో ప్రకటింపబడినది. రేపటి బండి అదియే యైనను ఈ చిక్కు దానికిని తప్పదు. కావున బండ్లను నిర్మించు సంస్థలకు నేను చేయు విన్నప మొక్కటి: తమ మరమ్మతు గ్రంథములను తెలుగున అచ్చువేయించి, లోపమును చదువు పరికరములను సరసమైన వెలకు పల్లె మెకానిక్కులకు అందింపవలెను, మన ఐ.టి.ఐ.లు ఆ విద్యను తమ పాఠ్యక్రమమున చేర్చుకొనవలెను. బండి శ్రీసిటీలో తయారగుచున్నది. దాని మర్మము తెలిసినవాడు దామలచెరువులోను, మొగిలిలోను కూడ ఉండవలెను.