పాల ధర – ఎన్నికల ఖర్చు

అమెరికా జాతీయ ఎన్నికల్లో కంపెనీలు తమ ఖజానా నుంచి అభ్యర్థులకు డబ్బివ్వరాదని 1907లోనే చట్టం చేశారు. 1943లో, యుద్ధకాలంలో, కార్మిక సంఘాలకూ ఆ నిషేధం పెట్టారు. మరి ఆ సంఘాలు ఊరుకున్నాయా? లేదు. సి.ఐ.ఓ. అనే కార్మిక సమాఖ్య ఆ ఏడే ‘పొలిటికల్ యాక్షన్ కమిటీ’ని స్థాపించి, 1944లో రూజ్వెల్ట్ గెలుపుకోసం పనిచేసింది. ఇలాంటి కమిటీనే పొట్టిగా ‘ప్యాక్’ అంటారు.

దీని కిటుకు చాలా తేలిక. సంఘం నిధి ముట్టుకోకుండా, సభ్యులు ఇష్టపడి ఇచ్చిన చందాలను వేరే ఖాతాలో వేసి, నచ్చిన అభ్యర్థికి ఇస్తారు. ఇప్పుడు ఒక వ్యక్తి ఒక ప్యాక్‌కు ఏడాదికి 5,000 డాలర్లు మించి ఇవ్వరాదు. పలువురికి సాయపడే ప్యాక్ అయినా ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో 5,000 డాలర్లు దాటరాదు. లెక్కలు ఎన్నికల కమిషన్‌కు చూపాలి.

వినడానికి బాగానే ఉంది. ఆచరణలో ఏం జరిగింది? పాడి ఉన్న రైతింట్లో పుట్టినవాణ్ణి గనుక పాల సంగతే చెబుతాను. 1971 మార్చి 12న నిక్సన్ ప్రభుత్వం పాల మద్దతు ధర పెంచబోమంది. 23న పాల సహకార సంఘాల నాయకులు నిక్సన్‌ను కలిశారు. 25న ధర పెరిగింది! ఆ సంఘాలకు సొంత ప్యాక్‌లుండేవి. నిక్సన్ ఎన్నికకు 20 లక్షల డాలర్లిస్తామని అవి మాటిచ్చిన సంగతి తర్వాత విచారణల్లో బయటపడింది. చందాకూ ధరకూ సంబంధం లేదన్నాడు నిక్సన్. వాటిలో పెద్దదైన అసోసియేటెడ్ మిల్క్ ప్రొడ్యూసర్స్ మాత్రం 1974లో అక్రమ విరాళాల నేరం ఒప్పుకుని జరిమానా కట్టింది.

నిజం చెప్పొద్దూ, రైతుబిడ్డగా నాకు గిట్టుబాటు ధర అడగడం తప్పనిపించదు. నన్ను గుచ్చేది వేరు. పిల్లలకు పాలు కొనుక్కునే తల్లిని ఆ సమావేశానికి ఎవరు పిలిచారు? చందా పోగేసినవాడికే గుమ్మం తెరుచుకుంటే, పోగేయలేనివాడి గతేమిటి?

2010లో వచ్చిన కోర్టు తీర్పులతో ‘సూపర్ ప్యాక్’లు పుట్టాయి. అభ్యర్థికి ఇవ్వకుండా, అతనితో కూడబలుక్కోకుండా ప్రచారం చేస్తే, వసూలుకూ ఖర్చుకూ హద్దు లేదు. కంపెనీలూ వీటికి ఇవ్వొచ్చు. వీధి తలుపు మూసి దొడ్డిదారి తెరిచినట్టు కాలేదూ?

మనమూ తక్కువ తినలేదు. 2018లో మనదేశంలో మొదలైన ఎన్నికల బాండ్లలో ఇచ్చినవాడి పేరే జనానికి తెలిసేది కాదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది.

మిత్రులారా! చందాలు లేకుండా ఎన్నికలు జరగవు. కాని ఎవరిచ్చారో తెలిస్తేనే ఎందుకిచ్చారని అడగగలం. అభ్యర్థి వాగ్దానాలతోపాటు అతని చందాల చిట్టా కూడా చదవడం మనబోటి విద్యార్థులు అలవాటు చేసుకోవాలి.

– బి.యస్సీ., తృతీయ సంవత్సరం