విశాఖలో బయట తింటున్నారా? స్టార్ల కంటే ముందు ఈ 14 అంకెలు చూడండి

శనివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లారు. పిల్లలు ఆకలి అంటున్నారు. ఫోన్ తీసి దగ్గర్లోని రెస్టారెంట్లు వెతికితే పదుల కొద్దీ పేర్లు వచ్చాయి. దాదాపు అన్నిటికీ నాలుగు స్టార్లు. ఆ స్టార్లు రుచి సంగతి చెబుతాయేమో కానీ, వంటగది ఎలా ఉందో చెప్పవు. అది తెలుసుకోవాలంటే గోడ మీద, బిల్లు మీద చూడాలి.

ఎక్కడ ఏం తినాలి?

పొద్దున్నే ఇడ్లీ, పెసరట్టు కావాలంటే ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ వైపు వెళ్లండి. తక్కువ ధరలో మెస్ భోజనానికి ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల వెతకండి. చేపల పులుసు, రొయ్యల వేపుడు తినాలనుకుంటే సాగర్‌నగర్, రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే దారి మంచిది. బొంగు చికెన్ నగరంలోనూ అమ్ముతారు కానీ, దాని అసలు ఊరు అరకు. ఇక్కడ హోటళ్ల పేర్లు ఇవ్వడం లేదు. వంటమనిషి మారితే పేరు అదే ఉంటుంది, కూర మారిపోతుంది.

చేపల విషయంలో మాత్రం క్యాలెండర్ చూడాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు, మోటారు పడవలు వేటకు వెళ్లకూడదు. మోటారు లేని తెప్పలకే మినహాయింపు. కాబట్టి మే నెలలో పెద్ద హోటల్ మెనూలో చందువా, వంజరం నిండుగా కనిపిస్తే అది ఐస్‌లో నిల్వ ఉంచిన సరుకో, పడమటి తీరం నుంచి వచ్చిందో అయ్యే అవకాశమే ఎక్కువ. అక్కడ నిషేధం జూన్ 1న మొదలవుతుంది. సరిగ్గా నిల్వ చేసిన చేప తింటే తప్పేమీ లేదు. దాన్ని 'ఈ రోజు పట్టింది' అని చెప్పి ఎక్కువ ధర తీసుకుంటేనే అడగాలి. ఆ రెండు నెలల్లో చెరువు రొయ్యలు తినడం మేలని మా సలహా.

గోడ మీద ఏం చూడాలి?

ఆహారం అమ్మే ప్రతి వ్యాపారికీ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు గానీ, రిజిస్ట్రేషన్ గానీ ఉండాలి. ఆ నంబరులో 14 అంకెలుంటాయి. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారులకు ఇచ్చే రిజిస్ట్రేషన్. దాన్ని కనిపించేలా ప్రదర్శించాలి. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద కూడా ముద్రించాలి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ, ఫాస్కాస్ పోర్టల్‌లో గానీ ఆ నంబరు కొడితే అది ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. ఇంకో హోటల్ పేరో, ఇంకో చిరునామానో వస్తే ఆలోచించండి.

నంబరు ఉన్నంత మాత్రాన వంట శుభ్రమని కాదు. ఏదైనా జరిగితే ఎవరిని పట్టుకోవాలో మాత్రం తెలుస్తుంది.

బీచ్‌లో మూరీ మిక్చర్, బజ్జీలు తినొద్దని మేం చెప్పం, చెప్పినా మీరు వినరు. కానీ న్యూస్‌పేపర్ పొట్లంలో తీసుకోకండి. అచ్చు సిరాలోని రసాయనాలు ఆహారంలోకి, ముఖ్యంగా వేడి వేడి నూనె వంటల్లోకి దిగుతాయి. అందుకే ఆహారం చుట్టడానికి న్యూస్‌పేపర్ వాడటాన్ని నిబంధనలు నిషేధించాయి. విస్తరాకులోనో, పేపర్ ప్లేటులోనో పెట్టమనండి. మూకుడులో నూనె నల్లబడి, నురగ కట్టి, పొగలు కక్కుతుంటే పక్క బండికి వెళ్లండి.

బిల్లు మీద ఏం చూడాలి?

మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటళ్లు కస్టమర్ నుంచి జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు. బిల్లులో జీఎస్టీ గీత ఉండి, జీఎస్టీ నంబరు లేకపోతే ఎందుకని అడగండి.

సర్వీస్ చార్జీ పన్ను కాదు. మిమ్మల్ని అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో దిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా చెప్పండి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

తేడా కొడితే?

కూరలో పురుగు కనిపించింది, మాంసం వాసన వస్తోంది. గొడవకు దిగే ముందు ఫొటో, వీడియో తీయండి. బిల్లు తీసుకోండి. యూపీఐ చెల్లింపు వివరాలు దాచుకోండి. తర్వాత ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయండి, లేదా 1800 112 100 టోల్‌ఫ్రీ నంబరుకు చెప్పండి. ఫిర్యాదులో 14 అంకెల నంబరు ఉంటే అది ఏ వ్యాపారి మీదో వెతుక్కునే పని అధికారులకు తప్పుతుంది. ఇంటికెళ్లాక వాంతులు, విరేచనాలు మొదలైతే ముందు ఆసుపత్రికి వెళ్లండి. ఎక్కడ, ఎప్పుడు, ఏం తిన్నారో డాక్టరుకు చెప్పి చీటీలో రాయించుకోండి.

చాలామందికి తెలియని హక్కు ఇంకొకటి ఉంది. ఆహార భద్రత చట్టం 2006లోని 40వ సెక్షన్ ప్రకారం మీరు కొన్న పదార్థాన్ని మీరే ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. దీనికి రుసుము కట్టాలి. పరీక్ష చేయించబోతున్నట్టు కొనే సమయంలోనే అమ్మేవారికి చెప్పాలి కూడా. నివేదికలో ఆహారం ప్రమాణాలకు తగ్గట్టు లేదని తేలితే మీరు కట్టిన రుసుము వెనక్కి వస్తుంది. నిజానికి బిర్యానీ ఆర్డర్ చేస్తూ ఈ మాట చెప్పేవాళ్లు ఎవరుంటారు? కానీ అదే హోటల్ మీద రెండోసారి అనుమానం వచ్చినప్పుడు పనికొస్తుంది.