స్పోర్ట్స్ కారు: వేగానికి ఒక వెల, మన్నికకు మరో వెల

ధర, పనితీరు, విశ్వసనీయత మూడూ ఒకే కారులో ఇమడవన్న వాదన ఎంతవరకు నిజం? మూడు దశాబ్దాల అనుభవం ఏం చెబుతోంది?

1989 ఫిబ్రవరిలో అమెరికాలోని షికాగో వాహన ప్రదర్శనలో రెండు జపాన్ స్పోర్ట్స్ కార్లు తొలిసారి ప్రపంచం ముందుకు వచ్చాయి. ఒకటి మజ్దా సంస్థ తయారు చేసిన ఎంఎక్స్-5. అమెరికాలో దాని ప్రారంభ ధర 13,800 డాలర్లు. రెండోది హోండా ఎన్‌ఎస్‌ఎక్స్. మరుసటి ఏడాది అమ్మకానికి వచ్చిన ఈ కారు ధర సుమారు 60 వేల డాలర్లు. ధరలోనూ శక్తిలోనూ ఈ రెండింటికీ పోలిక లేదు. అయినా అప్పటివరకు స్పోర్ట్స్ కార్ల విషయంలో స్థిరపడిన ఒక నమ్మకాన్ని రెండూ ప్రశ్నించాయి. వేగం కావాలంటే తరచూ మరమ్మతులకు సిద్ధపడాలి, మన్నిక కావాలంటే వేగాన్ని వదులుకోవాలి అన్నదే ఆ నమ్మకం.

ఆ చర్చ నేటికీ ముగియలేదు. కొనుగోలుదారులు సాధారణంగా చూసేది రెండు అంకెలనే: షోరూం ధర, సున్నా నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పట్టే సెకన్లు. మూడో అంశమైన విశ్వసనీయత ప్రకటనల్లో కనిపించదు. కొన్న తర్వాత, ఏళ్లు గడిచే కొద్దీ బయటపడుతుంది.

వేగం పెరిగితే భాగాలపై భారం ఎందుకు?

తక్కువ పరిమాణం గల ఇంజన్ నుంచి ఎక్కువ శక్తి రాబట్టడానికి ఒక మార్గం దాన్ని మరింత వేగంగా తిప్పడం. నిమిషానికి 8,000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ప్రతి పిస్టన్ నిమిషానికి 16,000 సార్లు ఆగి దిశ మార్చుకుంటుంది. అంటే సెకనుకు 260కి పైగా సార్లు. ఈ క్రమంలో పిస్టన్‌పైనా, దాన్ని క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్‌పైనా పడే జడత్వ బలం వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. చుట్లు రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. సాధారణ కారు ఇంజన్‌లో ఏ ఇబ్బందీ కలిగించని చిన్న బోల్టు ఇక్కడ ఇంజన్ ప్రాణాన్నే నిర్ణయించగలదు.

బ్రేకుల విషయమూ అంతే. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే కారును ఆపడానికి, 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకన్నా నాలుగు రెట్ల శక్తిని వేడిగా మార్చి వదిలించుకోవాలి. రోడ్డును గట్టిగా పట్టుకునేలా మెత్తని రబ్బరుతో చేసిన టైర్లు త్వరగా అరుగుతాయి. ఇంజన్‌ను సీట్ల వెనుక ఇరుకైన చోట అమర్చడంతో వేడి బయటికి పోవడం కష్టమవుతుంది, మెకానిక్ చేయి చొరవడమూ కష్టమవుతుంది.

దీనికి ఉత్పత్తి సంఖ్య కూడా తోడవుతుంది. ఏటా లక్షల్లో తయారయ్యే కారులో లోపం ఉంటే కొద్ది నెలల్లోనే బయటపడుతుంది. దాన్ని సరిదిద్దే ఖర్చు లక్షల కార్ల మీద సర్దుకుంటుంది. కొన్ని వేల సంఖ్యలో మాత్రమే తయారయ్యే కారుకు ఆ వెసులుబాటు లేదు. అయితే ఇవన్నీ ఇబ్బందులే తప్ప దాటలేని అవరోధాలు కావని నిరూపించిన ఉదాహరణే ఎన్‌ఎస్‌ఎక్స్.

హోండా ఏం చేసింది?

ఆనాటి ఎన్‌ఎస్‌ఎక్స్‌కు ప్రధాన ప్రత్యర్థి ఇటలీకి చెందిన ఫెరారీ 348. దాని ధర లక్ష డాలర్లకు చేరువలో ఉండేది. ఫెరారీలో 3.4 లీటర్ల వీ8 ఇంజన్, సుమారు 300 అశ్వశక్తి. హోండాలో 3 లీటర్ల వీ6, సుమారు 270 అశ్వశక్తి. కాగితం మీద ఫెరారీదే పైచేయి అయినా రోడ్డు మీద రెండింటి మధ్య తేడా స్వల్పమే.

హోండా ఇంజినీర్లు శక్తిని పెంచడానికి బదులు బరువును తగ్గించే దారి ఎంచుకున్నారు. భారీగా ఉత్పత్తైన కార్లలో పూర్తి అల్యూమినియం దేహం గల తొలి కారు ఇదే. ఇంజన్‌లో టైటానియంతో చేసిన కనెక్టింగ్ రాడ్‌లు వాడారు. ఉక్కు రాడ్‌లకన్నా ఇవి తేలిక కావడంతో ఇంజన్ 8,000 చుట్లు తిరిగినా జడత్వ భారం అదుపులో ఉండేది. అంటే పనితీరును పెంచిన మార్పే మన్నికనూ కాపాడింది. సుజుకా ట్రాక్‌పై నమూనా కారును నడిపిన ఫార్ములా వన్ విజేత ఐర్టన్ సెన్నా దేహం మరింత గట్టిగా ఉండాలని సూచించారు. దాంతో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌పై పరీక్షలు జరిపి దేహాన్ని దృఢపరిచారు.

అసలు తేడా నిర్వహణలో కనిపించేది. ఫెరారీ 348లో టైమింగ్ బెల్ట్ మార్చాలంటే ఇంజన్‌నే కిందికి దించాల్సి వచ్చేది. టైమింగ్ బెల్ట్ అంటే వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే పట్టీ. అది తెగితే రెండూ ఢీకొని ఇంజన్ పాడవుతుంది కాబట్టి, గడువు ప్రకారం మార్చక తప్పదు. హోండాలోనూ అలాంటి బెల్టే ఉంది. కానీ దాన్ని ఇంజన్ దించకుండానే మార్చవచ్చు. ఎన్‌ఎస్‌ఎక్స్‌లో లోపాలే లేవని కాదు. తొలినాటి కార్ల గేర్‌బాక్స్‌లో ఒక చిన్న రింగు విరిగే సమస్య ఉండేది. అయినా రోజూ ఆఫీసుకు నడుపుకుపోగల సూపర్‌కారుగా దానికి పేరు వచ్చింది. పాత కార్లను తిరిగి కొత్తవాటిలా తీర్చిదిద్దే సేవను హోండా 1993లోనే జపాన్‌లో ప్రారంభించింది.

మెక్‌లారెన్ ఎఫ్1 రూపకర్త గోర్డన్ ముర్రే తన కారుకు ప్రమాణంగా ఎన్‌ఎస్‌ఎక్స్‌నే తీసుకున్నానని పలు సందర్భాల్లో చెప్పారు. ఆయన స్వయంగా ఆ కారును కొన్నేళ్లు వాడారు. అయితే మార్కెట్ మాత్రం హోండాను ఆ స్థాయిలో ఆదరించలేదు. 2005 వరకు సాగిన 15 ఏళ్ల ఉత్పత్తిలో అమ్ముడైనవి దాదాపు 18 వేల కార్లే. అంత ధర పెట్టేవారిలో చాలామంది కోరుకున్నది మన్నికను కాదు, కారు ముందు భాగంలో మెరిసే చిహ్నాన్ని.

తక్కువ శక్తితో ఎక్కువ ఆనందం

మజ్దా ఎంఎక్స్-5 మరో దారిలో నడిచింది. 1.6 లీటర్ల ఇంజన్, 116 అశ్వశక్తి, టన్ను లోపు బరువు. బరువు తక్కువ కావడంతో ఇంజన్, బ్రేకులు, టైర్లు దేనిపైనా అధిక భారం పడదు. భాగాలు సరళం, ధర అందుబాటు. ఈ కారు గరిష్ఠ వేగంలో ఎవరినీ ఓడించలేదు కానీ, మలుపుల్లో నడిపే ఆనందాన్ని మధ్యతరగతికి అందించింది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ ఎంఎక్స్-5 కర్మాగారం నుంచి వెలువడింది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అత్యధికంగా అమ్ముడైనదిగా ఇది గిన్నిస్ గుర్తింపు పొందింది. ధర, మన్నిక, పనితీరు ఈ మూడింటినీ ఒకచోట చేర్చే సులువైన మార్గం, పనితీరును అశ్వశక్తితో మాత్రమే కొలవకపోవడమేనని ఈ కారు చూపింది.

ఒకే పేరు, భిన్నమైన ఇంజన్లు

విశ్వసనీయతను బ్రాండ్ పేరుతో అంచనా వేయడం ఎంత ప్రమాదమో జర్మనీకి చెందిన పోర్షే 911 చరిత్ర చెబుతుంది. 1990ల ఆరంభంలో సంస్థ తీవ్ర ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. ఖర్చు తగ్గించుకునే క్రమంలో, 1996లో వచ్చిన బాక్స్‌టర్, 1997లో వచ్చిన 996 తరం 911 అనేక భాగాలను పంచుకున్నాయి. ఆ ప్రణాళిక సంస్థను నిలబెట్టింది.

అయితే ఆ ఇంజన్లలోని మధ్యంతర షాఫ్ట్‌కు ఆధారంగా ఉండే ఒక బేరింగ్ కొన్ని కార్లలో విఫలమైంది. క్రాంక్ షాఫ్ట్ చలనాన్ని వాల్వులను నడిపే గొలుసుకు చేరవేసేది ఈ మధ్యంతర షాఫ్టే. దాని బేరింగ్ చెడితే లయ తప్పి ఇంజన్ మొత్తం పాడవుతుంది. దీనిపై అమెరికాలో యజమానులు వేసిన సామూహిక దావా 2013లో రాజీతో ముగిసింది. 2001 నుంచి 2005 వరకు వచ్చిన మోడళ్లకు అది వర్తించింది. అదే కాలంలో తయారైన 911 టర్బో, జీటీ3 కార్లలో వేరే ఇంజన్ ఉండటంతో వాటికి ఈ సమస్య లేదు. ఒకే పేరు, ఒకే రూపం, కానీ లోపలి ఇంజన్ వేరు.

తర్వాతి తరం జీటీ3కి వేరే చిక్కు ఎదురైంది. 2014లో కార్లలో మంటలు చెలరేగిన ఘటనల తర్వాత, కనెక్టింగ్ రాడ్ బోల్టు వదులవుతోందని సంస్థ గుర్తించింది. అప్పటికి తయారైన 785 కార్లను నడపవద్దని యజమానులకు చెప్పి, అన్నింటికీ కొత్త ఇంజన్లు అమర్చింది. లోపం రాకపోవడం ఒక రకమైన విశ్వసనీయత. లోపం వచ్చినప్పుడు తయారీదారు బాధ్యత తీసుకోవడం మరో రకమైనది. కొనుగోలుదారుకు రెండూ ముఖ్యమే.

సర్వేలను ఎలా చదవాలి?

అమెరికాకు చెందిన జే.డీ. పవర్ సంస్థ మూడేళ్ల వయసున్న కార్లపై ఏటా జరిపే అధ్యయనంలో 2019లోనూ 2021లోనూ అతి తక్కువ సమస్యలున్న మోడల్‌గా పోర్షే 911 నిలిచింది. స్పోర్ట్స్ కార్లు నమ్మదగినవి కావన్న సాధారణ అభిప్రాయాన్ని ఈ ఫలితం తోసిపుచ్చుతుంది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఇలాంటి సర్వేలు కారు వయసును లెక్కిస్తాయి, తిరిగిన దూరాన్ని కాదు. స్పోర్ట్స్ కార్లు చాలావరకు వారాంతాల్లోనే రోడ్డెక్కుతాయి. మూడేళ్లలో కొద్ది వేల కిలోమీటర్లే తిరిగిన కారునూ, రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చే కారునూ ఒకే గాటన కట్టలేం. పైగా ఫోన్ బ్లూటూత్‌కు కలవకపోవడమూ, గేర్‌బాక్స్ విఫలం కావడమూ అక్కడ చెరొక సమస్యగానే నమోదవుతాయి. యజమాని జేబుపై ఆ రెండింటి భారం మాత్రం ఒకటి కాదు.

భారత్‌లో మారిపోయే లెక్క

మన దేశంలో ఈ చర్చకు పన్నుల కోణం తోడవుతుంది. 40 వేల డాలర్లకు మించిన విలువతో పూర్తిగా తయారై దిగుమతయ్యే పెట్రోల్ కారుపై మౌలిక కస్టమ్స్ సుంకం 70 శాతం, వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 40 శాతం కలిపి 110 శాతం భారం పడుతుంది. దానిపై జీఎస్టీ అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లపై అది 40 శాతం. ఈ లెక్కన కోటి రూపాయల విలువతో ఓడరేవుకు చేరిన కారు, సుంకం తర్వాత 2.10 కోట్లకు, జీఎస్టీ తర్వాత 2.94 కోట్లకు చేరుతుంది. డీలరు లాభం, రాష్ట్రాన్ని బట్టి మారే రోడ్డు పన్ను, బీమా ఆ పైన.

2016 డిసెంబరులో నిస్సాన్ జీటీ-ఆర్ భారత్‌లో రూ.1.99 కోట్ల షోరూం ధరతో విడుదలైంది. అప్పటి మారకం విలువ ప్రకారం అమెరికాలో దాని ప్రారంభ ధర సుమారు రూ.75 లక్షలు. ఖరీదైన ఐరోపా కార్ల వేగాన్ని తక్కువ ధరకే అందిస్తుందన్నది విదేశాల్లో ఆ కారుకున్న ప్రధాన ఆకర్షణ. ఇక్కడికి వచ్చేసరికి ఆ వాదన బలం చాలావరకు తగ్గిపోయింది. 2025 జులై 24న భారత్, బ్రిటన్ సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం కార్లపై సుంకాన్ని కోటా పరిమితికి లోబడి 10 శాతానికి తగ్గించేందుకు వీలు కల్పించింది. కోటా వెలుపలి కార్లకు ఆ ప్రయోజనం పూర్తిగా దక్కదు.

ఇక పనితీరు విషయానికొస్తే, దేశంలోని ఎక్స్‌ప్రెస్‌వేలపై గరిష్ఠ వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. అంతకు మించిన వేగాన్ని చట్టబద్ధంగా అనుభవించాలంటే గ్రేటర్ నోయిడా, చెన్నై, కోయంబత్తూరులలోని రేసు ట్రాక్‌లే గతి. నేలకు తక్కువ ఎత్తులో ఉండే కారుకు మన వేగనిరోధకాలు నిత్య పరీక్ష. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అనువుగా రూపొందించని పాత కార్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లను గమనిస్తూ ఉండాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలకుండా ఉండే కారుకు ఈ జాగ్రత్త మరింత అవసరం.

పాత కారు, కొత్త విడిభాగాలు

అసలు ఇబ్బంది సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఎదురవుతుంది. మూడు కోట్ల కారు కొన్నేళ్లకు కోటి రూపాయలకే దొరకవచ్చు. కానీ దాని బ్రేక్ డిస్కుల ధర, క్లచ్ ధర, దిగుమతి విడిభాగాలపై సుంకం మూడో వంతుకు తగ్గవు. అవి మూడు కోట్ల కారు స్థాయిలోనే ఉంటాయి. ఏనుగును కొని అంకుశం దగ్గర వెనకాడినట్టు, కారు కొనడానికే ఉన్నదంతా ఖర్చు చేసి నిర్వహణకు వెనకాడేవారు చివరికి నష్టానికి అమ్ముకోవాల్సి వస్తుంది.

అందుకే కొనేముందు కొన్ని అంశాలు పరిశీలించాలి. సర్వీసు రికార్డులు తేదీలతో సహా పూర్తిగా ఉన్నాయా, ఆ మోడల్‌కు, ఆ సంవత్సరానికి తెలిసిన లోపాలేమిటి, వాటిని సరిచేశారా, దగ్గర్లో దాన్ని విప్పగల నిపుణులున్నారా, దిగుమతి సుంకం చెల్లించిన పత్రాలు సక్రమంగా ఉన్నాయా అన్నవి వాటిలో ముఖ్యమైనవి. మరీ తక్కువ దూరం తిరిగిన కారే మేలన్న భావన కూడా సరికాదు. కదలకుండా ఉన్న కారులో బ్యాటరీ, టైర్లు, సీళ్లు, ఇంధనం అన్నీ దెబ్బతింటాయి. క్రమం తప్పక నడిపి, సమయానికి సర్వీసు చేయించిన కారే చాలాసార్లు మెరుగు.

ధర, పనితీరు, విశ్వసనీయతలలో తొలి రెండూ కొన్న రోజునే తెలుస్తాయి. మూడోదాన్ని పాత కార్ల మార్కెట్ నెమ్మదిగా తేలుస్తుంది. బేరింగ్ భయం వెంటాడిన 996 తరం చాలాకాలం 911లలో అత్యంత చవకైనదిగా మిగిలిపోయింది. అదే తరంలో ఆ సమస్య లేని జీటీ3 ధర అందుకు ఎన్నో రెట్లు. కొత్తగా ఉన్నప్పుడు కొనేవారు కరువైన తొలితరం ఎన్‌ఎస్‌ఎక్స్‌లు, మంచి స్థితిలో ఉంటే, నేడు నాటి షోరూం ధరకన్నా ఎక్కువకు చేతులు మారుతున్నాయి.