వంతెనకు ఆవల ఆట, ఈవల నేరం

పుదుచ్చేరి: పార్లమెంటు సమావేశాలు లేని రోజులలోనే ఢిల్లీ విలేఖరికి దేశం చూసే భాగ్యం కొంత కలుగుతుంది. ఆ విధంగా ఈ విలేఖరి పుదుచ్చేరి పట్టణానికి వచ్చి నాలుగు రోజులైనది. ఆనందరంగ పిళ్ళై మేడను చూడవలెననే కోరిక చిరకాలంగా ఉన్నది. డూప్లే దొరకు దుబాసీగా పనిచేసిన ఆ పెద్దమనిషి తన దినచర్యను తమిళంలో వ్రాసుకొన్నా, కస్తూరి రంగకవి ఆయన పేరిట ‘ఆనందరంగరాట్ఛందము’ రచించినందున తెలుగువారికి కూడ ఆయన ఆత్మీయుడే. కాని ఈ వారం వ్రాయదలచినది పిళ్ళైని గురించి కాదు. సముద్రపుటొడ్డున, గాంధీ విగ్రహానికి కాస్త ఎడంగా, తేనీటి గ్లాసు చేత పట్టుకొని తెలుగులో ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్న ఒక గుమాస్తాను గురించి.

గోదావరి యాస చెవిని పడితే ఎంతటి పట్టణంలోనైనా ఆగక తప్పదు. పలకరించగానే, “మాది యానామండీ. ఉద్యోగం ఇక్కడ. పదకొండేళ్ళయిందండి” అన్నాడు. నలభై దాటని వయస్సు. ఢిల్లీలో పత్రికా విలేఖరినని చెప్పగానే అతడు అడిగిన మొదటి ప్రశ్న రాష్ట్ర ప్రతిపత్తిని గురించి కాదు, “ఆ రమ్మీ చట్టం నిలబడుతుందంటారా అండీ?” అని. ఎందుకు అడిగాడో కొంతసేపటికి తానే చెప్పాడు. రెండు సంవత్సరాలలో ఫోనులో పేకాడి అతడు పోగొట్టుకొన్నది 3 లక్షల 20 వేల రూపాయలు. “మొదటి నెల్లో ఎనిమిది వేలు వచ్చాయండి. ఆ ఎనిమిది వేలే నన్ను ముంచేశాయండి. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టిన సంగతి విడిపించినదాకా ఆవిడకి తెలియదండి.”

అంతకంటె ఆసక్తికరమైనది అతని బావమరిది వృత్తాంతం. అతని నివాసం గౌతమికి ఆవలి గట్టున, ఎదుర్లంకలో. అది ఆంధ్రప్రదేశ్. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీని, పోకరును నిషేధించినది. ఎదుర్లంకలో ఫోను తెరిస్తే, మీ రాష్ట్రంలో ఈ ఆట లభించదని సందేశం వచ్చేదట. “అందుకని సాయంకాలం మోటారు సైకిలు మీద వంతెన దాటి వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడండి. పాపం, కుశలం కనుక్కోడానికి వచ్చాడనుకుని మా అమ్మ కాఫీ ఇచ్చేదండి.”

ఆ వంతెన కీర్తిశేషుడైన లోకసభ స్పీకర్ బాలయోగి పేరిట వెలసినది. చట్టసభకు అధిపతిగా ఉండి, 2002లో హెలికాప్టరు ప్రమాదంలో కన్నుమూసిన అమలాపురం బిడ్డ పేరు గల వంతెనకు ఒకవైపు నేరమైన పని మరొకవైపు కాలక్షేపమైనది! ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టం యానాంలో చెల్లదు. తమిళనాడు చట్టం పుదుచ్చేరిలో చెల్లదు. ఈ పట్టణం నుండి ఉత్తరంగా నడచిపోతే కొట్టకుప్పం వద్ద ఏ దుకాణం ఎవరి ఏలుబడిలో ఉన్నదో పరాయివానికి తెలియదు. ఫోనుకు మాత్రం తెలుస్తుంది.

యానాంకు ఇది కొత్త కాదని పాత తరం పాఠకులకు జ్ఞాపకం చేయనక్కరలేదు. బాల్య వివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినప్పుడు యానాం ఫ్రెంచివారిది. ఇంగ్లీషు చట్టం అక్కడ చెల్లదు కనుక గోదావరి మండలంలోని కుటుంబాలు ఎనిమిదేళ్ళ పెండ్లికూతుళ్ళతో, భజంత్రీలతో యానాం తరలివెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొని తిరిగి వచ్చేవారు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు అదే దారిన మరొక రకపు ప్రయాణాలు సాగినవి. 30 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న ప్రాంతం ఏమి పాపం చేసినది! చట్టాలకు ఎల్లలు గీసినవారు వేరు, ఆ ఎల్లలను వాడుకొన్నవారు వేరు.

అయితే ఈ రమ్మీ వ్యాపారం మొత్తానికి పునాది వేసినది మన సికిందరాబాదే అన్న సంగతి చాలమందికి తెలియదు. 1960లలో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిని హైదరాబాదు జూద చట్టం క్రింద పట్టుకొన్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు, హైకోర్టు కొట్టివేసినది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళినది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా చెప్పిన తీర్పు ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ’ అనే పేరుతో న్యాయశాస్త్ర గ్రంథాలకు ఎక్కినది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది పట్టుకోవలెనో ఏది పారవేయవలెనో తేల్చుకోవడం నైపుణ్యం కోరే పనులు కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్య క్రీడ అని న్యాయస్థానం భావించినది. మూడు ముక్కలాటను మాత్రం ఆ పంక్తిలో చేర్చలేదు.

అర్ధశతాబ్ది తరువాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీల న్యాయవాదులు ఏ హైకోర్టుకు వెళ్ళినా ఈ తీర్పునే చదివారు. చదవడంలో తప్పు లేదు. కాని అదే తీర్పులో మరొక మాట ఉన్నది. క్లబ్బు యజమాని పందెపు ఆట నుండి లాభం గడిస్తున్నట్లు సాక్ష్యం ఉంటే నేరం రుజువు కావచ్చునని న్యాయమూర్తి స్పష్టంగానే హెచ్చరించారు. కుర్చీలకు, దీపాలకు, పేక కట్టలకు సభ్యుల వద్ద కొద్దిపాటి రుసుము తీసుకోవడం వేరు, పందెంలో వాటా తీసుకోవడం వేరు అని ఆయన ఉద్దేశం. ఆ మాటను వ్యాపారులు మరచిపోయినారనుకోవడం వారి తెలివిని తక్కువ చేయడమే అవుతుంది.

ఈ వాటా ఎట్లా పనిచేస్తుందో ఒక లెక్క చూడండి. సమాన నైపుణ్యం గల ఇద్దరు చెరి 100 రూపాయలు పెట్టి ఆడుతున్నారు. ప్రతి ఆటలోను పందెపు మొత్తంలో పదవ వంతు కంపెనీ తీసుకొంటుందనుకొందాము. అంటే 200లో 20 పోగా గెలిచినవానికి 180. పది ఆటలు ఆడి చెరి ఐదు గెలిచారు. నైపుణ్యంలో ఎవరూ ఓడలేదు. అయినా ఇద్దరి జేబులలో చెరి వంద రూపాయలు తక్కువ, కంపెనీ పెట్టెలో రెండు వందలు ఎక్కువ. క్లబ్బులో అయితే అర్ధరాత్రి కాగానే కాపలాదారు దీపం ఆర్పేవాడు. ఫోనులో దీపం ఆరదు. తమిళనాడు ప్రభుత్వం 2025లో అర్ధరాత్రి నుండి ఉదయం 5 గంటల వరకు డబ్బు ఆటలను నిలిపివేయవలెనని నిబంధన చేసినది ఇందుకే. మద్రాసు హైకోర్టు ఆ నిబంధనను 2025 జూన్‌లో సమర్థించినది. అదే హైకోర్టు 2021 ఆగస్టులో అంతకు పూర్వపు నిషేధాన్ని కొట్టివేసినది. 2023 నవంబరులో రెండవ చట్టాన్ని నిలుపుతూనే రమ్మీని, పోకరును దాని నుండి తప్పించినది. తెలంగాణ 2017లోనే నిషేధించినది. కర్ణాటక, కేరళలు నిషేధించగా కోర్టులు త్రోసివేసినవి. రాష్ట్రానికొక తీరు.

ఈ గందరగోళంలో ఢిల్లీ జోక్యం అవసరమే. జోక్యం జరిగిన తీరును గురించే ఈ విలేఖరికి ఫిర్యాదు ఉన్నది.

2025 ఆగస్టు 20న సమాచార సాంకేతిక శాఖ మంత్రి అశ్వినీ వైష్ణవ్ లోకసభలో ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ప్రవేశపెట్టారు. అదే రోజు సాయంకాలానికి మూజువాణి ఓటుతో అది నెగ్గినది. బీహారు ఓటర్ల జాబితాపై ప్రతిపక్షాలు నినాదాలు చేస్తున్నవి. మంత్రి మాటలు ఆ ఘోషలో కలిసిపోయినవి. మరునాడు రాజ్యసభ కూడ అంతే. 22న రాష్ట్రపతి ఆమోదం. మూడు రోజులలో ఒక పరిశ్రమ మూతపడినది. స్థాయీ సంఘానికి పంపలేదు, సవరణలపై వాదన లేదు. ఆ సమావేశాలలో లోకసభకు 120 గంటల చర్చ నిర్ణయిస్తే 37 గంటలే జరిగినదని స్పీకర్ ఓం బిర్లాయే వాపోయినారు. ప్రతిపక్షం చర్చ కోరలేదు, ప్రభుత్వం చర్చ కొరకు ఆగలేదు. ఒకరిపై ఒకరు నెపం వేసుకొనడానికి ఇద్దరికీ అవకాశం మిగిలినది.

చట్టంలోని అంశాలు కఠినమైనవి. డబ్బు ఆటలు నడిపితే 3 సంవత్సరాల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేస్తే 2 సంవత్సరాలు, 50 లక్షలు. చెల్లింపులు జరిపే సంస్థలకు కూడ శిక్ష ఉన్నది. ఆడినవానికి లేదు. అతడు నేరస్థుడు కాదు, బాధితుడని ప్రభుత్వ వాదన. ఇది ఆంధ్రప్రదేశ్ చట్టం కంటె మానవీయమైనది. నైపుణ్యమా, అదృష్టమా అన్న 1967 నాటి విచికిత్సను కూడ పార్లమెంటు ఒక్క వ్రేటుతో తీసివేసినది. డబ్బు పెట్టి డబ్బు ఆశిస్తే చాలు, నిషిద్ధమే.

ఇక్కడ ఒక వినోదం గమనించవలెను. ఈ ఆటలలో ప్రజలు ఏటా దాదాపు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకొంటున్నారని ప్రభుత్వ వర్గాలు అన్నవి. నిషేధిస్తే ఏటా 20 వేల కోట్ల పన్నులు పోతాయని, 2 లక్షల ఉద్యోగాలు పోతాయని కంపెనీల సంఘాలు హోంమంత్రికి లేఖ వ్రాసినవి. రెండు పక్షాలకూ ఒకే అంకె దొరకడం యాదృచ్ఛికం కావచ్చును. కాని ఏ సంఖ్య ఎట్లా తేలినదో అడిగే సభ్యుడు ఆ రోజు సభలో లేకపోయినాడు. చర్చ అంటే అదే కదా! చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించిన పన్నెండు రోజులకు, సెప్టెంబరు 3న, జి.ఎస్.టి. మండలి ఇవే డబ్బు ఆటలపై పన్నును 28 నుండి 40 శాతానికి పెంచినది. కుడిచేయి పూడ్చిపెట్టినదానికి ఎడమచేయి వెల కట్టినది.

రాజ్యాంగం మాట కూడ ఉన్నది. పందెము, జూదము రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. కేంద్రం ఏ అధికారంతో చేసినదన్న ప్రశ్నతో హైదరాబాదులో పుట్టిన ఏ23 రమ్మీ సంస్థ కర్ణాటక హైకోర్టును ఆశ్రయించినది. ఢిల్లీ, మధ్యప్రదేశ్ హైకోర్టులలోను అటువంటి వ్యాజ్యాలు రాగా, 2025 సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు అన్నింటిని తన వద్దకు తెప్పించుకొన్నది. జూదాన్ని అరికట్టవలెనని కోరే రాష్ట్రాలు తమ అధికారాన్ని కేంద్రం లాగికొనడాన్ని చూచి ఊరకుండటం, వ్యాపారులు రాష్ట్రాల హక్కులకు కాపలాదారులు కావడం వింతలలోకెల్ల వింత.

ఈ రభసలో నిజంగా నష్టపోయినవారు మరొకరున్నారు. గేమింగ్ అనే ఒక్క మాట క్రింద పేకాటను, వీడియో ఆటను కలిపి కట్టివేశారు. హైదరాబాదులో ఎలెక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి సంస్థలో పాత్రలకు రూపం ఇచ్చే చిత్రకారుడు, కథ అల్లే రచయిత, ప్రోగ్రాము వ్రాసే ఇంజనీరు చేసే పనికి, పందెంలో వాటా తీసుకొనే పనికి పోలిక ఏమిటి? ఒకటి సినిమా వంటిది, ఒకటి పందెపు శాల వంటిది. పూనాలోని చిన్న బృందం చేసిన ‘రాజీ’ అనే ఆటను 2020లో విదేశీయులు కూడ ఆడి మెచ్చుకొన్నారు. ఇటువంటివాటిని ప్రోత్సహిస్తామని చట్టం పేరులోనే ఉన్నది. పెట్టుబడి మాత్రం ఇన్నేళ్ళు పేకాట వైపు పరుగెత్తినది. కథ వ్రాసి, బొమ్మ గీసి మూడేళ్ళు కష్టపడేకంటె వాటా తీసుకోవడం సులభం. క్రికెట్ జట్టు చొక్కాపై పేరు వేయించుకొనగల డబ్బు డ్రీమ్ 11కు ఉండినది గాని ఏ వీడియో ఆటల సంస్థకూ లేకపోయినది. 2025 ఆగస్టులో ఆ పేరు చెరిగిపోయి, ఆసియా కప్‌లో మన జట్టు పోషకుని పేరు లేని చొక్కాలతో ఆడినది.

ఈ విలేఖరి అభిప్రాయం దాచుకోవలసినది కాదు. నిషేధం మంచిదే. నైపుణ్యం పేరిట గుమాస్తాల గొలుసులు తాకట్టుకు పోవడం వ్యాపార స్వేచ్ఛ కాదు. కాని యానాం ఓటరుకు లోకసభలో ఉన్నది పుదుచ్చేరితో ఉమ్మడిగా ఒక్క సభ్యుడు. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆ ఓటరు గోడును సభలో వినిపించగల ఒకే ఒక్క అవకాశం ఆ సాయంకాలపు నినాదాలలో పోయినది. వినిపించి ఉంటే బహుశా ఎవరో ఒకరు దొంగదారులను గురించి కూడ అడిగి ఉండేవారు. విదేశాలలో కూర్చొని నడిపే బెట్టింగు సంస్థల ప్రకటనల విషయమై 2025 జులై, ఆగస్టులలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ కొందరు తెలుగు సినీ నటులనే విచారణకు పిలిచినది. ఆ సంస్థలకు ఎదుర్లంక ఏమిటి, యానాం ఏమిటి!

గుమాస్తా లేచే ముందు ఫోను చూపాడు. రమ్మీ గుర్తు ఉండిన చోట ఇప్పుడు ఖాళీ. దాని క్రింద, ఏ దేశపు సంఖ్యయో తెలియని నంబరు నుండి వచ్చిన సందేశం ఉన్నది. స్వచ్ఛమైన తెలుగు. మొదటి జమకు రెట్టింపు బోనస్ అట.

“బావమరిదికి కూడా వచ్చిందటండి ఇది” అన్నాడు. “ఇప్పుడు వంతెన దాటక్కర్లేదన్నాడండి.”

వేలితో దానిని చెరిపివేసి, బస్సు వేళ అయినదని నమస్కరించి, గాంధీ విగ్రహం మీదుగా వెళ్ళిపోయినాడు.