ఇంజను శక్తి పెంపుదలలో పిస్టన్ ఎంపిక: హైటెక్ సిటీ నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
కారు ఇంజను శక్తిని పెంచే ప్రయత్నంలో పిస్టన్ ఎంపిక కీలకమైనది. అయితే ‘ఏ పిస్టన్ గొప్పది?’ అనే ప్రశ్నకు విడిగా సమాధానం లేదు. ఇంజను ఏ ఇంధనంతో, ఎంత వేగంతో, ఏ రోడ్డు మీద తిరుగుతుందో తేలిన తరువాతే పిస్టన్ పరిమాణం, శిరోభాగపు ఆకృతి, లోహం నిర్ణయమవుతాయి. హైదరాబాదు హైటెక్ సిటీ పరిసరాలలో నిత్యం వాడే పెట్రోలు కారును దృష్టిలో ఉంచుకొని ఈ మూడు అంశాలను, వాటితో ముడిపడిన చట్టపరమైన హద్దును వివరించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలక పదాలు: పిస్టన్, ముషలకం, సంపీడన నిష్పత్తి, పోత పిస్టన్, ఫోర్జ్‌డ్ పిస్టన్, సైబరాబాద్.

1. ప్రవేశిక:
1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. తరువాతి పాతికేళ్ళలో ఐటీ సంస్థలు గచ్చిబౌలి దాటి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా విస్తరించాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఆ ప్రాంతాన్ని తాకుతూ సాగుతుంది. మంచి జీతాలు, విశాలమైన రోడ్లు కలిసిన చోట వేగంపై మక్కువ పెరగడం సహజం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన ఫార్ములా-ఇ పోటీ జరిగింది. ఆ విద్యుత్ కార్లలో పిస్టన్ లేదు. నగరంలో తిరిగే పెట్రోలు కార్లకు మాత్రం నేటికీ పిస్టనే ఆధారం. ఇంజను కంప్యూటరులోని లెక్కలు మార్చడంతో ఆగక, టర్బో పీడనాన్ని, ఇంజను వేగాన్ని పెంచాలనుకొనే వారికి పిస్టన్ ప్రశ్న తప్పదు.

2. పదం - పని:
మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు పిస్టన్‌ను ‘ముషలకం’ అన్నాయి. ముసలం అంటే రోకలి. ‘పిస్టన్’ మాట కూడా దంచడం అనే అర్థమున్న ఇటాలియన్ ధాతువు నుంచి వచ్చినదే. రెండు భాషలూ ఒకే పోలికను ఎంచుకున్నాయి. అయితే రోకలి తాను దంచుతుంది. ఇంజనులోని పిస్టన్ దెబ్బను తాను భరిస్తుంది. పైన మండే వాయువుల పీడనాన్ని అందుకొని, కనెక్టింగ్ రాడ్ ద్వారా క్రాంక్‌షాఫ్టును తిప్పుతుంది.

ఉదాహరణకు బోరు 75 మి.మీ., స్ట్రోకు 84 మి.మీ. ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజనును తీసుకుందాం. నిమిషానికి 6000 చుట్ల వద్ద పిస్టన్ సగటు వేగం సెకనుకు 16.8 మీటర్లు. 300 గ్రాముల పిస్టన్ పై కొసన దిశ మార్చుకొనేటప్పుడు దానిపై పడే లాగుడు సుమారు 650 కిలోల బరువుతో సమానం. వేగాన్ని 7500 చుట్లకు పెంచితే ఈ బలం మరో 56 శాతం పెరుగుతుంది. చుట్లు పెంచదలచినవారు పిస్టన్ బరువును, దాని పిన్నును, కనెక్టింగ్ రాడ్‌ను కలిపి ఆలోచించవలసింది ఇందుకే.

3. పరిమాణం:
ఇంజను అరిగి పొగ వదిలితే ‘బోరుకు వచ్చింది’ అంటారు మన మెకానిక్కులు. అప్పుడు సిలిండరును కొద్దిగా కోసి, అంతమేరకు పెద్ద పిస్టన్ వేస్తారు. శక్తి కోసం కూడా ఇదే పని చేయవచ్చు. పై ఇంజను పరిమాణం 1484 ఘ.సెం.మీ. బోరును ఒక్క మిల్లీమీటరు పెంచితే అది 1524 అవుతుంది. లాభం మూడు శాతానికి లోపే. సిలిండరు గోడ మాత్రం చుట్టూ అర మిల్లీమీటరు పలుచబడుతుంది. కనుక గోడ మందం కొలవకుండా పెద్ద పిస్టన్ కొనడం సరికాదు.

4. శిరోభాగపు ఆకృతి:
పిస్టన్ తల ఉబ్బుగా ఉంటే మంట గదిలో చోటు తగ్గి సంపీడన నిష్పత్తి పెరుగుతుంది; పళ్ళెంలా లోతుగా ఉంటే తగ్గుతుంది. మన ఉదాహరణలో ఒక్కో సిలిండరుకు నిష్పత్తి 10 ఉండాలంటే మంట గది 41 ఘ.సెం.మీ., 11 ఉండాలంటే 37 ఘ.సెం.మీ. ఉండాలి. తేడా ఒక చిన్న చెంచాడు కూడా లేదు. టర్బో ద్వారా గాలిని బలంగా నెట్టే ఇంజనులో నిష్పత్తిని 8.5కు దించాలంటే దాదాపు 50 ఘ.సెం.మీ. కావాలి.

నిష్పత్తి పెరిగేకొద్దీ ఇంధనం తనంతట తాను అంటుకొనే ప్రమాదం పెరుగుతుంది. దీన్నే ‘నాకింగ్’ అంటారు. దీన్ని తట్టుకొనే శక్తికి కొలమానం ఆక్టేన్ సంఖ్య. బి.ఎస్.6 ప్రమాణాలు వచ్చినప్పుడు సాధారణ పెట్రోలుకు కనీస ఆక్టేన్ 91గా, ప్రీమియం రకానికి 95గా ఉండేది. అత్యుత్తమ ఇంధనం దొరికిన రోజును కాక, సాధారణ పెట్రోలుతో సరిపెట్టుకోవలసిన రోజును లెక్కలోకి తీసుకొని నిష్పత్తిని నిర్ణయించాలి.

5. లోహం:
కంపెనీ కార్లలో అధికంగా ఉండేవి పోత పిస్టన్లు. వీటి అల్యూమినియం మిశ్రమంలో సిలికాన్ పాలు ఎక్కువ. అందువల్ల వేడికి తక్కువగా వ్యాకోచిస్తాయి, అరుగుదలను బాగా తట్టుకుంటాయి. కాని నాకింగ్ దెబ్బలకు పగిలే స్వభావం ఉంది. లోహాన్ని అచ్చులో బలంగా అదిమి చేసే ఫోర్జ్‌డ్ పిస్టన్లలో రెండు మిశ్రమాలు ప్రసిద్ధం. 4032లో సిలికాన్ సుమారు 12 శాతం ఉంటుంది. 2618లో అది దాదాపు లేదు. 2618 దెబ్బకు పగలక సాగి ఓర్చుకుంటుంది కనుక పందెపు కార్లకు అనువైనది.

అయితే 2618 వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తుంది. 75 మి.మీ. పిస్టన్ 150 డిగ్రీలు వేడెక్కితే సుమారు పావు మిల్లీమీటరు పెరుగుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌కు, గోడకు మధ్య ఎక్కువ ఖాళీ ఉంచాలి. ఆ ఖాళీ తక్కువైతే వేడిలో పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే చల్లని ఇంజనులో పిస్టన్ గోడకు కొట్టుకుంటూ చప్పుడు చేస్తుంది, ఆయిలు ఖర్చు పెరుగుతుంది. టర్బో వాడితే రింగుల కొసల మధ్య ఖాళీనీ పెంచాలి. లేకుంటే వేడికి కొసలు ఒకదానికొకటి తగిలి రింగుగాడి గట్టు విరుగుతుంది. ఈ కొలతలకు పిస్టన్ తయారీదారు ఇచ్చిన పట్టికే ప్రమాణం.

6. హైటెక్ సిటీ పరిస్థితి:
కొండాపూర్ అపార్టుమెంటు సెల్లారులో బయలుదేరి, నాలుగైదు కిలోమీటర్లు పోయి, మైండ్‌స్పేస్ కూడలి దగ్గర ఆగుతూ సాగే కారును ఊహిద్దాం. ఆఫీసు చేరే సరికి దాని ఆయిలు పూర్తిగా వేడెక్కకపోవచ్చు. అంటే 2618 పిస్టన్ ఆ దూరంలో చాలా భాగం వదులుగానే తిరుగుతుంది. సాయంత్రం పరిస్థితి వేరు. ఎండాకాలపు ట్రాఫిక్‌లో నిలిచిన ఇంజను వేడిగాలినే పీలుస్తుంది. వేడిగాలి నాకింగ్‌ను పెంచుతుంది. ఇటువంటి కారులో టర్బో పీడనాన్ని ఒక మోస్తరుగా పెంచేటట్లయితే 4032 పిస్టన్, మితమైన సంపీడన నిష్పత్తి మేలు. పీడనంలో మార్పు లేకపోతే కంపెనీ పోత పిస్టన్నే ఉంచుకోవడం వివేకం. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై పందెపు బాట వంటి చోట మాత్రమే నడిపే కారుకు 2618 తగినది.

7. చట్టపు హద్దు:
మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చేసిన సవరణ, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానాను గాని, ఆరు నెలల వరకు జైలును గాని, రెండింటినీ గాని విధించే వీలు కల్పించింది. ఇంజను ఘనపరిమాణం ఆ పత్రంలో నమోదై ఉంటుంది. 1484ను 1524 చేసిన పిస్టన్ ఆ పత్రాన్ని అబద్ధం చేస్తుంది.

8. ముగింపు:
● పిస్టన్ ఎంపిక కొనుగోలుతో కాక కొలతలతో మొదలు కావాలి. ఇంధనం, వేగం, టర్బో పీడనం ముందుగా నిర్ణయించుకోవాలి.
● బోరు పెంపు వల్ల వచ్చే లాభం స్వల్పం. గోడకు, చట్టానికి కలిగే ముప్పు అధికం.
● పందెపు బాటలో గుణమైనది నిత్యప్రయాణంలో దోషం కావచ్చు. ఏ లోహమైనా తాను పనిచేసే వేడికి తగినదైతేనే మేలైనది.
● రోజూ ఆఫీసుకు వెళ్ళే కారుకు కావలసింది అన్నిటికంటే బలమైన పిస్టన్ కాదు; ఆ ప్రయాణానికి సరిపోయే పిస్టన్.